బొంత కాపలా

సెప్టెంబరు 4

బావమరిదికి,

కుక్క చేరింది. కూరగాయల లారీ డ్రైవరు గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. దారిలో అతని దుప్పటి లాక్కుని దాని మీదే పడుకుందట. మూడుసార్లు అడిగాడట, ఇవ్వలేదట. ఆ దుప్పటి కూడా ఇక్కడే ఉంది. కుక్క పేరు బొంత అని చెప్పాడు. పిలిస్తే పలుకుతోంది.

రెండు నెలల పిల్లని పంపుతున్నానని రాశావు. ఇది మీ అక్క నడుం దాకా ఉంది. ముందుకాళ్ళు గోడ మీద పెట్టి నిలబడితే సరిగ్గా నా కళ్ళలోకి చూస్తోంది. నేనే చూపు తిప్పుకున్నాను.

కొండ మీది కుక్కలాయన చెప్పిన పద్ధతి నాకు గుర్తుంది. ఈ జాతి పిల్లని రెండో నెలలోనే దొడ్లో గొర్రెల మధ్య వదిలెయ్యాలి. ఇంట్లోకి రానివ్వకూడదు. ముద్దు చెయ్యకూడదు. వేటి మధ్య పెరిగితే అవే తన వాళ్ళనుకుంటుంది, ఇక ప్రాణం పోయినా వదలదు. అలాగే చేస్తాను. తల్లికుక్క ఇంకా పిల్లల్ని పెట్టలేదని మూడు నెలలు రాస్తూ వచ్చావు. ఆలస్యమైనా పంపావు, మంచిది.

ఇక్కడి సంగతి నీకు తెలుసు. ఈ ఏడు తోడేళ్ళు మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. మిట్టమధ్యాహ్నం, నేను కునుకు తీసే వేళ చూసుకుని మరీ వస్తున్నాయి. ఇంకొక్క పిల్లకి ఏమైనా అయితే మంద మొత్తం అమ్మేసి, పట్నంలో నీ షాపు మీద ఉన్న గదికి వచ్చేద్దామంది మీ అక్క. మీ అక్క అన్నదంటే అయిపోయినట్టే. నీ గది మీద నాకు చెడ్డ అభిప్రాయమేమీ లేదు. కిటికీ తీస్తే మనుషులు కనిపిస్తారు, అంతే. గొర్రెలు ఎదురుపడితే ఏం మాట్లాడాలా అని ఆలోచించక్కర్లేదు.

మీ అక్క కులాసా.

బావ


సెప్టెంబరు 11

బావగారికి,

మిషను బల్ల మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయిన చోట గుడ్డ జారిందనుకోండి.

బొంత క్షేమంగా చేరినందుకు ప్రాణం కుదుటపడింది. ఇక ఎత్తు సంగతి. ఆ జాతి అంతే బావగారూ. చల్లటి కొండ మీద పుట్టిన పిల్ల, కిందికి దిగేసరికి ఇక్కడి వేడికి పిండి పొంగినట్టు పొంగుతుందట. లారీ ఎక్కించినప్పుడు నా అరచేతిలో పట్టింది. దారిలోనే పెరిగి ఉంటుంది. డ్రైవరు బండి మెల్లగా నడిపే మనిషి.

పేరు కూడా కొండ మీద వాళ్ళు పెట్టిందే అయ్యుంటుంది. నాకేం తెలుసు.

అన్నం తింటోందా? ఎడమ చెవి వెనక గోకుతూ ఉంటేనే తింటుంది. ఆ జాతి గురించి ఎక్కడో చదివాను. ఉరుము ఉరిమితే బల్ల కింద దూరుతుందని కూడా చదివాను. మీ దొడ్లో బల్ల లేకపోతే ఒకటి వేయించండి. కుడి ముందుకాలి వేళ్ళ మధ్య చిన్న మచ్చ ఉంటుంది, అది దెబ్బ కాదు, కంగారుపడకండి. అదీ చదివిందే.

మీరు మంద అమ్ముకోవాలని నేను కలలో కూడా కోరుకోను. గది మాత్రం సిద్ధంగా ఉంది. సున్నం వేయించాను. కొత్త మంచం తెప్పించాను. కిటికీకి దళసరి పరదా కుట్టాను. మీరు తీస్తే తప్ప మనుషులు కనిపించరు.

అక్కకి నా నమస్కారాలు. కాస్త దూరం నుంచే.

మీ బావమరిది


సెప్టెంబరు 19

బావమరిదికి,

నువ్వు రాసినట్టే ఎడమ చెవి వెనక గోకాను. తింది. నువ్వు చదివిన పుస్తకం ఏదో చాలా మంచిది.

మిగతాది బాగాలేదు. దొడ్లో వదిలితే గొర్రెల వైపు చూడదు. అవి వచ్చి వాసన చూస్తే లేచి అవతలికి పోతుంది. పెళ్ళిలో ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చోబెడితే నేను చేసేదీ అదే. కాబట్టి తప్పు పట్టలేకపోయాను. దొడ్డి గోడ దూకి పెరట్లోకి వచ్చి, బట్టలు ఆరేసే తీగ కింద పడుకుంటోంది. అక్కడ మాత్రం కన్ను మూయదు.

సోమవారం మీ అక్క ఆరిన బట్టలు తీయబోయింది. బొంత లేచి నిలబడింది. కరవలేదు, అరవలేదు. మీ అక్క ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేసింది.

"నా దుప్పటి నాకివ్వదా ఇది?" అంది మీ అక్క.

"నీదని దానికెలా తెలుస్తుంది" అన్నాను.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నీకు వండి పెడుతున్నా. ఇప్పుడు చెప్పు, నువ్వు ఎవరి పక్షం?"

నేను బొంత వైపు చూశాను. అలా చూడకూడదని తర్వాత తెలిసింది.

బట్టలు రెండు రోజులు తీగ మీదే ఉన్నాయి. వానకి తడిసి మళ్ళీ ఆరాయి. చివరికి నేను అన్నం గిన్నె చూపించి బొంతని ఇటు పిలిస్తే, మీ అక్క బట్టలు చంకన పెట్టుకుని పరిగెత్తింది. తన పెరట్లో తనే దొంగలా పరిగెత్తాల్సి వచ్చిందని ఇప్పటికీ అంటోంది.

గురువారం పశువుల డాక్టరు వచ్చాడు. తెల్లకోటు విప్పి గోడ మీద పెట్టి గొర్రె నోరు తెరిచి చూస్తున్నాడు. వెనక్కి తిరిగేసరికి కోటు కింద ఉంది, బొంత పైన ఉంది. "మీ కుక్కకి ఒంట్లో ఏ లోపమూ లేదు" అని చెప్పి కోటు లేకుండానే వెళ్ళాడు.

శనివారం మధ్యాహ్నం తోడేళ్ళు రెండు దొడ్డి వెనక గట్టు దాకా వచ్చాయి. నేను రేకు డబ్బా వాయించాను. బొంత తలెత్తింది. తీగ మీద నా తువ్వాలు భద్రంగా ఉందని చూసుకుని మళ్ళీ తల వాల్చింది. డబ్బా చప్పుడుకి తోడేళ్ళు పోయాయి. ఇంకోసారికి భయపడవు.

కొండ మీది ఆయనకి రాసి అడుగుదామనుకుంటున్నాను.

బావ


సెప్టెంబరు 25

బావగారికి,

కొండ మీది ఆయనకి మాత్రం రాయకండి. ఆయనకి కళ్ళు కనిపించవు. చెవులూ అంతంతమాత్రమే. పైగా కొండ దిగి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. లేక కూతురే కొండెక్కిందో, సరిగ్గా గుర్తులేదు. ఎలా చూసినా ఉత్తరం దండగ.

ఇంత చిన్న విషయానికి పెద్దాయన ఎందుకు, నేను లేనా? దొడ్లో ఒక మూల పాత గుడ్డలు పరిచి చూడండి. దాని పక్కన మిషను, అదే, గడగడమని చప్పుడు చేసేది ఏదైనా పెట్టండి. చప్పుడు ఆగితే దానికి కునుకు పట్టదు. పుస్తకంలో ఉంది. పుస్తకం ఎవరో తీసుకెళ్ళారు, లేకపోతే పంపేవాణ్ణి.

ఎంతకీ మీకు కుదరకపోతే బొంతని నా దగ్గరికి పంపెయ్యండి. నాకేం ఇబ్బంది లేదు. షాపులో దానికి చోటు ఉంటుంది, కత్తిరింపు బల్ల కింద. మీరిద్దరూ కూడా వచ్చేస్తానంటే గది ఎలాగూ ఉండనే ఉంది. నిన్న మంచం మీద కొత్త పరుపు కూడా వేశాను. ఊరికే చెబుతున్నాను.

డాక్టరు గారి కొలతలు పంపితే తెల్లకోటు ఒకటి కుట్టి పంపుతాను. ఆ కోటు ఇక రాదు. ఆశ పెట్టుకోవద్దని చెప్పండి.

మీ బావమరిది


అక్టోబరు 6

బావమరిదికి,

నీ ఉత్తరం చేరేలోపే కొండ మీది ఆయనకి రాసేశాను. జవాబు వచ్చింది. ఆయనకి కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. నాకన్నా గుండ్రంగా రాస్తాడు. కూతురు లేదట, ఇద్దరూ కొడుకులేనట.

రెండు నెలల పిల్లని జూన్ మొదటి వారంలో నీ చేతికి ఇచ్చానని రాశాడు. ఆ రోజే లారీ ఎక్కిస్తానని మాట ఇచ్చావట. నాకు సెప్టెంబరులో చేరింది. మధ్యలో మూడు నెలలున్నాయి. ఎంత మెల్లగా నడిపినా లారీకి మూడు నెలలు పట్టదు.

చివర ఈ మాట రాశాడు: "ఆ మూడు నెలలూ అది వేటి మధ్య పెరిగిందో కనుక్కోండి. జన్మంతా వాటినే కాస్తుంది."

మంగళవారం తోడేళ్ళు మళ్ళీ వచ్చాయి. ఒక పిల్ల తొడ పట్టుకున్నాయి. నేను కర్ర తీసుకుని మీద పడ్డాను. వదిలేశాయి. పిల్ల బతికింది, కుంటుతోంది. ఆ తోపులాటలో నా కళ్ళజోడు గొర్రె తొక్కింది. ఇదంతా అందాజుగా రాస్తున్నాను. గీత మీద గీత పడితే సర్దుకుని చదువుకో.

"పిల్ల పోలేదుగా" అన్నాను మీ అక్కతో.

"నువ్వు పోయేవాడివి" అంది.

ఆ సాయంత్రమే గొర్రెల వ్యాపారికి కబురు పంపింది. నవంబరు పదిహేనున వచ్చి మొత్తం నలభై గొర్రెలనీ తోలుకుపోతాడు. సరేనని అతనికి మాట ఇచ్చింది. మాట ఇచ్చాక మీ అక్క వెనక్కి తీసుకోదు. నన్ను చేసుకుంటానని మీ నాన్నకి చెప్పినప్పుడూ అంతే, ఎంతమంది చెప్పినా తీసుకోలేదు. అప్పుడది నాకు మేలైంది.

గదికి సున్నం వేశావు. మంచం తెప్పించావు, పరుపు వేశావు, పరదా కుట్టావు. కుక్కని మాత్రం చెడగొట్టి పంపావు. మేం అక్కడికి రావాలని కావాలనే చేశావా? అడగాలనిపించింది, అడిగాను.

బావ


అక్టోబరు 11

బావగారికి,

మీరు ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. రెండుసార్లు చదివి, షాపు తలుపు మూసి కూర్చున్నాను.

కావాలని చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీ కడుపులో పెట్టుకోండి. అక్కకి మాత్రం చెప్పకండి. ఈ వయసులో కూడా ఆవిడ చెయ్యి లేస్తే నా చెంప దానంతటదే పక్కకి తిరుగుతుంది.

పిల్లని తెచ్చిన రోజు లారీ సాయంత్రానికి గాని రాదన్నారు. కాసేపు షాపులో దింపాను. అది నేరుగా కత్తిరింపు బల్ల కిందికి పోయి, పీలికలు వేసే బుట్టలో ఎక్కి పడుకుంది. ఎంత లేపినా లేవలేదు. రేపు పంపుదాంలే అనుకున్నాను. మర్నాడు వాన. ఆ మర్నాడు అది నా పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ కాలు కదిపితేగాని మిషను నడవదు, కదిపితే అది లేస్తుంది. ఆ పూట పని ఆపేశాను. ఇంక మీరే ఊహించుకోండి. బావగారూ, మీకు గొర్రెలున్నాయి, అక్క ఉంది. నాకు మిషను ఆగితే షాపులో ఈగ చప్పుడు వినిపిస్తుంది.

పీలికల మీదే పెరిగింది కాబట్టి బొంత అన్నాను. కుట్టిన బట్ట ఏది పక్కన పెట్టినా దాన్ని కాచేది. మనిషి బట్టల కోసం వస్తే, ఇక తీసుకెళ్ళండి అన్నట్టు నేను కత్తెరని రెండుసార్లు టకటకమనిపిస్తాను. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ చప్పుడు వింటే బుద్ధిగా లేచి పక్కకి తప్పుకునేది. ఎంత ముచ్చటగా ఉండేదో.

ఆగస్టు చివర్లో కత్తెర సానకి ఇచ్చాను. సరిగ్గా ఆ రోజే ఒక పెళ్ళికొడుకు కోటు కోసం వచ్చాడు. బొంత లేవదు. చేతులతో టకటక, చెంచాతో టకటక, ఏదీ నమ్మదు. పెళ్ళికొడుకు వెనక అతని తండ్రి, తండ్రి వెనక బాజాలవాళ్ళు వచ్చి చేరారు. సానపట్టే మనిషి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. అతను వచ్చేదాకా రెండు గంటలు అందరం నిలబడ్డాం. బాజాలవాళ్ళు ఊరికే ఉండలేక వాయించారు. వీధిలో వాళ్ళు నాకే పెళ్ళనుకుని చూడ్డానికి వచ్చారు. ఆ మర్నాడే ఏడుపు దిగమింగుకుని లారీ ఎక్కించాను.

గది సంగతి కూడా చెబుతాను. మంద అమ్ముకుని రమ్మని కాదు. ఎప్పుడైనా చుట్టపుచూపుగా వస్తారేమోనని. అడగడం చేతకాక సున్నం వేయించాను.

ఇప్పుడేం చెయ్యమంటే అది చేస్తాను.

మీ బావమరిది


అక్టోబరు 16

బావమరిదికి,

కళ్ళజోడు ఇంకా రాలేదు. నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది.

"అక్కకి మాత్రం చెప్పకండి" అన్న వాక్యం కూడా గట్టిగానే చదివింది. ఆగి, దాన్నే ఇంకోసారి చదివింది. చెంప సంగతి దగ్గర "గుర్తుందన్నమాట" అంది. బాజాల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈగ దగ్గర చదవడం ఆపి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

తిరిగి వచ్చి, "కాగితం తీసుకో, నేను చెప్పింది రాయి" అంది. రాస్తున్నాను.

"గొర్రెలతో పెరగలేదు, గుడ్డలతో పెరిగింది. సరే. గొర్రెలకి గుడ్డలు వెయ్యి. ఆ బుట్టలో పీలికలే తీసుకో, ఉతక్కుండా అతికి, నలభై చొక్కాలు కుట్టు. పదిరోజుల్లో పంపు. జేబులు పెట్టకు. నీకు జేబుల పిచ్చి."

"మంద అమ్మేస్తున్నాంగా" అన్నాను నేను.

"వ్యాపారి వచ్చేదాకా పిల్లలు బతకొద్దా?" అంది.

కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. నాకు టేపు మీద అంకెలు కనిపించవు కాబట్టి మీ అక్క జానలతో కొలిచింది. పొట్ట దగ్గర వదులు ఉంచు. ముసలి పొట్టేలు కొలవనివ్వలేదు, నా కొలతలు వేసుకో.

బావ


అక్టోబరు 27

బావగారికి,

మూటలు రెండు లారీలో వస్తున్నాయి. లెక్క చూసుకోండి, నలభై.

అక్క జాన ఎంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఐదువేళ్ళూ అద్దంలో చూసుకున్నవాణ్ణి. ఆ లెక్కనే కత్తిరించాను. ఒక్కటీ తప్పు పోదు.

తొమ్మిది రోజులు వేరే పని ముట్టలేదు. బళ్ళో డ్రిల్లు మాస్టారు వచ్చి తన ప్యాంటు ఏమైందన్నాడు. "నలభై మంది ఆగమంటున్నారు" అన్నాను. బల్ల మీద కుప్ప చూసి, "ఏ బడి పిల్లలవి ఇవి, చేతులు నాలుగున్నాయి?" అన్నాడు. కొత్త ఫ్యాషనన్నాను. తనకీ ఒకటి కుడతావా అని అడిగి వెళ్ళాడు.

జేబులు పెట్టలేదు. కాలర్లు మాత్రం పెట్టాను. నలభై ఏళ్ళుగా కాలరు లేని చొక్కా నా చేతి నుంచి బయటికి పోలేదు, గొర్రె కోసం పరువు పోగొట్టుకోలేను. మీ కొలతల చొక్కాకి మాత్రం పొరపాటున ఒక జేబు పడింది. పొట్టేలుకి పనికొస్తుంది.

ఇంకొకటి. మూటలో నా చేతి కత్తెర ఉంది. బొంత ఇంకే కత్తెర చప్పుడూ నమ్మదు. ఒంటి మీద గుడ్డ వేశాక ఆ గొర్రెని మీరు కూడా ముట్టుకోలేకపోతే టకటకమని రెండుసార్లు ఆడించండి. పక్కకి తప్పుకుంటుంది. నేను కొత్త కత్తెర కొనుక్కున్నాను. చేతికింకా అలవాటు కాలేదు. బొటనవేలు బొబ్బలెక్కింది.

బొంత ఎలా ఉందో ఈసారైనా నాలుగు ముక్కలు ఎక్కువ రాయండి.

మీ బావమరిది


నవంబరు 4

బావమరిదికి,

కళ్ళజోడు వచ్చింది.

చొక్కాలు తొడిగాం. మీ అక్క కాళ్ళు పట్టుకుంది, నేను బొత్తాలు పెట్టాను. గొర్రెలు ఒకదాన్నొకటి చూసుకుని కాసేపు సిగ్గుపడ్డాయి. తర్వాత మేత మొదలుపెట్టాయి.

బొంత తీగ కింద నుంచి లేచింది. మొదటి గొర్రె వీపు వాసన చూసింది. రెండోదాన్ని చూసింది. నలభై వాసనలూ చూసింది. మధ్యలో ఒకచోట ఆగి చాలాసేపు నిలబడింది, అది నీ పాత లుంగీ గుడ్డట, మీ అక్క గుర్తుపట్టింది. ఆ తర్వాత మంద నడుమ చతికిలబడింది. ఆ రోజు నుంచి పెరట్లోకి రాలేదు. మీ అక్క బట్టలు తనే నింపాదిగా తీసుకుంటోంది. ఎవరూ అడ్డం రాకపోతే తోచడం లేదంది.

శుక్రవారం మధ్యాహ్నం తోడేళ్ళు వచ్చాయి. బొంత గొంతు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఒకసారే అరిచి, గట్టు మీదికి నడిచింది. పరిగెత్తలేదు, నడిచింది. పెద్ద తోడేలు కాసేపు చూసి వెనక్కి తిరిగింది. రెండోది దానికన్నా ముందే వెళ్ళిపోయింది.

ఆదివారం ఒక గొర్రె ఈనింది. ఆ పిల్లకి చొక్కా లేదు. దాన్ని కాస్తుందో లేదోనని నాకు భయం పట్టుకుంది. బొంత వచ్చి దాన్ని వాసన చూసింది. వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. డాక్టరు గారి తెల్లకోటు నోట కరుచుకుని తెచ్చి, పిల్ల పక్కన పడేసి, రెండింటినీ కలిపి చుట్టుకుని పడుకుంది.

నాలుగు ముక్కలు ఎక్కువ రాయమన్నావు. రాశాను.

మీ అక్క ఇదంతా చూసింది. అయినా వ్యాపారి పదిహేనున వస్తాడు.

బావ


నవంబరు 9

బావగారికి,

తెల్లకోటు సంగతి చదివి మిషను మీద తల పెట్టుకున్నాను. సూది నుదుటికి గుచ్చుకుంది. ఫరవాలేదు.

ఇంక వ్యాపారిని రానివ్వడం ఏమిటి? గొర్రెలకి జబ్బని చెప్పండి. చొక్కాలు అందుకే వేశామనండి. మీకు అబద్ధం రాదంటారా, అయితే నేను వచ్చి ఆడతాను, నాకు అలవాటే.

అదీ వద్దంటే దారి ఒక్కటే ఉంది. అక్కతో నోరు తెరిచి ఒక్క మాట చెప్పండి. "అమ్మొద్దు." అంతే. ముప్పై ఎనిమిదేళ్ళలో మీరు ఆవిణ్ణి ఏదీ అడగలేదు. ఒక్కసారి అడిగితే కొంపలంటుకోవు. అడిగేటప్పుడు చేతికి అందనంత దూరంలో నిలబడండి, అది నా అనుభవం.

పదహారో తేదీ నుంచి తలుపు చప్పుడైతే చాలు, ఉత్తరమేమోనని చూస్తుంటాను.

మీ బావమరిది


నవంబరు 17

బావమరిదికి,

నువ్వు చెప్పిన మాట మూడు రోజులు సాధన చేశాను. ముందు గొర్రెలకి చెప్పాను, బాగానే వచ్చింది. బొంతకి చెప్పాను, వచ్చింది. పధ్నాలుగో తేదీ పొద్దున వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఏం?" అంది మీ అక్క.

"ఏం లేదు" అన్నాను.

పదిహేనున వ్యాపారి ఇద్దరు మనుషులతో లారీ తెచ్చాడు. మీ అక్క అరుగు మీద కూర్చుని పాత దుప్పటి అంచు కుడుతోంది. "మాట ఇచ్చాను. గొర్రెలు దొడ్లో ఉన్నాయి, తోలుకోండి" అంది.

ముగ్గురూ దొడ్డి తలుపు తీశారు. బొంత లేచి నిలబడింది. వాళ్ళలో ఒకడు కాలరు పట్టుకుని ఒక గొర్రెని లాగాడు. తర్వాత ముగ్గురూ లారీ పైన ఉన్నారు. ఎలా ఎక్కారో నేను చూడలేదు, అంత తొందరగా ఎక్కారు. బొంత లారీ చుట్టూ ఒకసారి తిరిగి, దొడ్డి తలుపుకి అడ్డంగా పడుకుంది.

"ఏదో ఒకటి చెయ్యండమ్మా" అన్నాడు వ్యాపారి పైనుంచి.

"గొర్రెలు మీవేనని చెప్పానుగా. నేనేమైనా అడ్డం పడ్డానా?" అంది మీ అక్క.

"ఈ కుక్క అడ్డం పడుతోంది."

"కుక్క మాట ఇవ్వలేదు."

వ్యాపారి నా వైపు చూశాడు. నీ కత్తెర ఎక్కడుందో నాకు తెలుసు. మీ అక్క ఒళ్ళోనే ఉంది. దానితో ఏం చెయ్యాలో నీ ఉత్తరంలో ఇద్దరమూ చదివాం. నేను చెయ్యి చాపితే అందుతుంది. నేను చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. మీ అక్క కుట్టు పూర్తిచేసి ముడి వేసింది. ఒళ్ళో కత్తెర ఉండగా, దారాన్ని పళ్ళతో కొరికింది.

మూడు గంటలు కూర్చున్నాక వ్యాపారి, "ఈ మంద నాకొద్దమ్మా. మీ మాట మీకే తిరిగి ఇచ్చేస్తున్నాను, నన్ను కిందికి దిగనివ్వండి" అన్నాడు.

"నేను తీసుకోను. మీరే వద్దంటున్నారు, అది వేరే" అంది మీ అక్క. ఆ మాట అతని చేత ఇంకోసారి అనిపించింది. లోపలికి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చింది. ఎడమ చెవి వెనక గోకుతూ తనే పెట్టింది. లారీ కదిలి మలుపు తిరిగేదాకా గోకుతూనే ఉంది.

తర్వాత చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "మేత వేళ దాటిపోతోంది. ఇంకా కూర్చున్నావేం?" అంది.

లేచి కర్ర తీసుకుని మంద వెంట వెళ్ళాను. ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైంది అందుకే.

బావ